పొగాకు సీజనంతా వాడి చూసిన 5జీ ఇంటి ఇంటర్నెట్: కొండపి దగ్గర పల్లె నుంచి

ముందు తేల్చి చెప్పేస్తాను. మేడ మీద నిలబడితే టవరు కంటికి కనబడే ఇల్లయితే ఈ కనెక్షన్ పెట్టించుకోండి. మధ్యలో జామాయిల్ తోటో సుబాబులో అడ్డముంటే మాత్రం డబ్బులు కట్టే ముందు ఆగండి. నాలాగా వీడియో క్లాసులు చెప్పేవాళ్లు, ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసేవాళ్లు అప్‌లోడ్ స్పీడు ఎంతిస్తారో అడిగి తెలుసుకోండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు.

నేను ఒంగోలులో డిగ్రీ పిల్లలకి ఎకనామిక్స్ చెబుతాను. ఉండేది కొండపి దగ్గర పల్లెలో, అమ్మానాన్నలతో, తమ్ముడి కుటుంబంతో. రాత్రిపూట గ్రూప్స్‌కి చదివే పిల్లలకి ఆన్‌లైన్ క్లాసులు తీసుకుంటాను. ఇంతకుముందు ఇంటికి కేబుల్ ఫైబర్ ఉండేది. కరెంటు స్తంభాల మీద లాగిన వైరు గాలివానకో, కోతుల చేతికో చిక్కి తెగితే అతుకు వేయడానికి మనిషి వచ్చేదాకా క్లాసు లేనట్టే. అందుకే ఈ గాలి ఇంటర్నెట్ పెట్టించాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే డబ్బా పక్క ఊళ్లో ఇంకోలా పనిచేస్తుంది. అలా ఎందుకు జరుగుతుందో చెప్పడం నాకు ముఖ్యం. దాని వెనక గాలి తరంగాల్ని ప్రభుత్వం వేలంలో అమ్మే తీరు కూడా ఉంది, నా సబ్జెక్టు కూడా అదే.

వచ్చేది రెండు డబ్బాలు. జానెడు పొడవు తెల్ల డబ్బా మేడ మీద గొట్టానికి బిగిస్తారు. అది టవరు నుంచి సిగ్నల్ అందుకుంటుంది. దాన్నుంచి వైరు కిందికి దిగి ఇంట్లో వైఫై రూటర్‌లో కలుస్తుంది. బిగించడానికి వచ్చిన కుర్రాడు మెట్ల పక్క పిట్టగోడకే పెట్టబోయాడు. "ఇక్కడైతే వైరు తక్కువ పడుద్ది మేడం" అన్నాడు. అతని ఫోన్లో సిగ్నల్ బలం కొలిచే యాప్ మైనస్ 108 డీబీఎం చూపిస్తోంది. ఈ అంకె మైనస్ 80 వైపు వచ్చేకొద్దీ మంచిది, 110 దాటితే కష్టం. ఎదురుగా చూస్తే మా చిన్నాన్నవాళ్ల జామాయిల్ తోట. టవరు తోట అవతల ఉంది. తమ్ముడు పైకొచ్చి, "అక్కా, ఆ తోట ఇంకో రెండేళ్లదాకా కొట్టరు. ఆకు ఇంకా గుబురవుద్దే గానీ తగ్గదు" అన్నాడు. నీళ్ల ట్యాంకు వైపు తిప్పమన్నాను. అటు పొగాకు చేలు తప్ప అడ్డు లేదు, దూరమైనా ఇంకో టవరు తేటగా కనబడుతుంది. డబ్బాని అటు పెట్టగానే అంకె మైనస్ 89కి వచ్చింది. కొంచెం పొడుగు వైరు కావాల్సి వచ్చింది, దానికి డబ్బులు విడిగా తీసుకున్నారు. ఆ సంగతి ముందే చెప్పి ఉంటే బాగుండేది.

నేను తీసుకున్నది 100 ఎంబీపీఎస్ ప్లాను. పొద్దున పూట 95 దాకా వస్తుంది. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య 30, 40కి దిగుతుంది. నాకు కావాల్సిన అప్‌లోడ్ మామూలుగా 12, 14, రాత్రిపూట 7. క్లాసుకి 7 చాలు, బొమ్మ ఆగదు. రికార్డింగు ఎక్కించాలంటే మాత్రం తెల్లవారుజామున పెట్టుకుంటాను. వానకు ఇబ్బందేమీ రాలేదు. కరెంటు పోతే రెండు డబ్బాలూ ఆగిపోతాయి కాబట్టి ఇన్వర్టరుకి కలుపుకోవాలి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి రాత్రి స్పీడు సంగతి అడిగితే ప్రతిసారీ రూటర్ ఆపి మళ్లీ పెట్టమంటారు. రూటర్‌కీ దీనికీ సంబంధం లేదని వాళ్లకీ తెలుసు.

ఎందుకు దిగుతుందో, జామాయిల్ ఆకు ఎందుకు అడ్డమవుతుందో తెలియాలంటే డబ్బా ఏ బ్యాండు మీద, అంటే ఏ ఫ్రీక్వెన్సీల మధ్య, నడుస్తోందో చూడాలి. రూటర్ సెట్టింగుల్లో కనబడుతుంది. నాది 3300 మెగాహెర్ట్జ్ బ్యాండు. ఈ బ్యాండులో వెడల్పు బాగా దొరుకుతుంది. ఈ గాలి తరంగాల్నే స్పెక్ట్రమ్ అంటారు, ప్రభుత్వం వేలం వేసి ఫోన్ కంపెనీలకి అమ్ముతుంది. 2022 వేలంలో రెండు పెద్ద కంపెనీలూ, జియో, ఎయిర్‌టెల్, దేశంలోని 22 టెలికం ప్రాంతాల్లో (సర్కిళ్లలో) తలా 100 మెగాహెర్ట్జ్‌కి తగ్గకుండా కొనుక్కున్నాయి. వెడల్పు ఎక్కువ కాబట్టి స్పీడు. కానీ దూరం తక్కువ. గోడ అడ్డమొచ్చినా, తడిసిన ఆకు అడ్డమొచ్చినా బాగా బలహీనపడుతుంది. పైగా ఇందులో ఒకే ఫ్రీక్వెన్సీ మీద కాసేపు దించడం, కాసేపు పంపడం జరుగుతుంది. జనం ఎక్కువగా చూసేది వీడియోలే కాబట్టి ఎక్కువ సమయం దించడానికే కేటాయిస్తారు. అప్‌లోడ్ అందుకే చిన్నబోతుంది. రాత్రి స్పీడు దిగడం అంటే ఊళ్లో అందరూ అదే టవరు మీద పడ్డారని. అది అన్ని కంపెనీలకూ ఉండే సంగతే.

700 మెగాహెర్ట్జ్ తీరు వేరు. చాలా దూరం పోతుంది, గోడలు దాటి లోపలికి వస్తుంది. పల్లెలకి, కొండల అంచు ఊళ్లకి దీనికి మించింది లేదు. సీతారామపురం వైపు వెలిగొండల కింద మా కాలేజీ పిల్లల ఇళ్లున్నాయి, అక్కడ 3300 బ్యాండు మాటే లేదు. ఉన్నంతలో పనిచేసేది తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండులే. మరి ఇంత పనికొచ్చే 700 బ్యాండుకి మన దేశంలో ఏం జరిగిందో మా ప్రాంతం వాళ్లకి చెప్పడం తేలిక, ఎందుకంటే మాకు నోబిడ్ అంటే తెలుసు.

పొగాకు బోర్డు ఆంధ్రప్రదేశ్‌లో 1985లో వేలం పద్ధతి తెచ్చింది. కొండపి, టంగుటూరు, ఒంగోలు, కందుకూరు, కలిగిరి వేలం కేంద్రాల్లో బేళ్లు వరసగా పేర్చి ఉంటాయి, బయ్యర్లు ఒక్కో బేలుకి ధర వేస్తారు. ఎవరూ పాడకపోతే నోబిడ్. ఆ బేలు మళ్లీ ఇంటికే. మొన్న సీజన్లో తమ్ముడి లో గ్రేడు బేళ్లకి అదే జరిగింది. 2016 అక్టోబర్ స్పెక్ట్రమ్ వేలంలో 700 మెగాహెర్ట్జ్ మొత్తానికి పడిందీ ఇదే. దేశమంతటికీ మెగాహెర్ట్జ్‌కి 11,485 కోట్ల రూపాయలు అని ప్రభుత్వం కనీస ధర పెట్టింది. ఒక్క కంపెనీ కూడా పాడలేదు. అమ్మకానికి పెట్టిన స్పెక్ట్రమ్ అంతటి కనీస విలువ 5 లక్షల కోట్లు దాటింది, వచ్చింది 65,789 కోట్లు. 2021 మార్చిలో ధరను 6,568 కోట్లకి దించి మళ్లీ పెట్టారు. మళ్లీ నోబిడ్. 2022లో 3,927 కోట్లకి దించాక ఒకే ఒక్క కంపెనీ, జియో, 22 సర్కిళ్లలోనూ 10 మెగాహెర్ట్జ్ చొప్పున కొన్నది.

తమ్ముడికి ఇది చెబితే, "మరి మన బేలయితే ఇంకో రోజు తీసుకుపోతాంగా అక్కా, ధర పెరగొచ్చు కూడా. గాలికి కూడా అంతేగా?" అన్నాడు. అంతే కాదు, అసలు తేడా అంతా అక్కడే ఉంది. ఇంటికొచ్చిన బేలులో ఆకు అలాగే ఉంటుంది. వాడని స్పెక్ట్రమ్ దాచుకోవడానికి రాదు. 2017లో వాడని 700 మెగాహెర్ట్జ్ 2022లో రెండింతలై రాలేదు. అన్నేళ్లపాటు మంచి బ్యాండు ఖజానాకి రూపాయి తేకుండా, ఏ ఊరికీ ఒక్క కాల్ కలపకుండా ఊరికే పోయింది. ఆ నష్టాన్ని అంకెల్లో చెప్పిన ఆడిట్ నివేదిక నా కంటపడలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

అలాగని వేలమే వద్దనేదాన్ని కాదు. వేలం లేకుండా పంచిన సంగతీ చూశాం. 2008లో దేశవ్యాప్త 2జీ ఫోన్ లైసెన్సును 2001 నాటి ధరకే, 1,658 కోట్లకి, ముందొచ్చినవాళ్లకి ముందన్న లెక్కన ఇచ్చారు. 2010లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వేసిన అంచనాల్లో పెద్దది 1.76 లక్షల కోట్ల నష్టం. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. క్రిమినల్ కేసులో 2017లో ప్రత్యేక కోర్టు అందర్నీ విడుదల చేసింది, అది వేరే సంగతి. అదే 2010లో 3జీ వేలం 34 రోజులు, 183 రౌండ్లు నడిచి 67 వేల కోట్లకి పైగా తెచ్చింది. ఎవరికి ఎంత అవసరమో వాళ్ల పాటే బయటపెట్టింది. స్పెక్ట్రమ్‌ని ఆఫీసులో కూర్చుని పంచడం కంటే ధర పెట్టి అమ్మడం మేలని ఆర్థికవేత్త రోనాల్డ్ కోస్ 1959లోనే రాశాడు. అమెరికాలో 1994లో మొదలైన బహుళ రౌండ్ల వేలాన్ని రూపొందించినవాళ్లలో పాల్ మిల్‌గ్రామ్, రాబర్ట్ విల్సన్‌లకి 2020లో నోబెల్ వచ్చింది. వాళ్ల పద్ధతి గొప్పతనం ఏంటంటే అన్ని ప్రాంతాల స్పెక్ట్రమ్ ఒకేసారి పాటలో ఉంటుంది. పక్క సర్కిల్ ధర చూసుకుంటూ కంపెనీ తన పాట మార్చుకోవచ్చు. ఎదుటివాళ్ల అంచనా కూడా తెలుస్తుంది కాబట్టి గుడ్డిగా ఎక్కువ పాడి మునిగిపోయే ప్రమాదం తగ్గుతుంది.

ఆ ప్రమాదం మనకి కొత్తది కాదు. 1995లో సర్కిళ్లవారీగా మొబైల్ లైసెన్సులకి మూసిన టెండర్లు పిలిస్తే కంపెనీలు లేని రాబడిని ఊహించుకుని పాడాయి. తర్వాత కట్టలేకపోయాయి. 1999 టెలికం విధానం వాటిని ఆదాయంలో వాటా ఇచ్చే పద్ధతికి మార్చి ఒడ్డున పడేసింది. ఎఫ్ఎం రేడియోలోనూ ఇదే కథ. మొదటి దశలో లైసెన్సు ఫీజు ఏటా 15 శాతం పెరిగేలా పెట్టారు. ప్రకటనల రాబడి అలా పెరగదు కదా, చాలా స్టేషన్లు మొదలవకుండానే ఆగిపోయాయి. 2005లో రెండో దశకి వచ్చేసరికి ఒకసారి కట్టే మొత్తం, ఆపైన ఆదాయంలో 4 శాతం అన్నారు, అప్పుడు గాని రేడియో బతకలేదు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఎఫ్ఎం ఛానళ్ల వేలానికి ఒప్పుకుంది. ఆ జాబితాలో ఒంగోలు కూడా ఉంది. మా ఊరి ఆటోల్లో మా మాట వినబడే రేడియో రావాలని నాకు చాలా ఆశ. కనీస ధర మాత్రం ఒంగోలు దుకాణాలు ఇవ్వగల ప్రకటనల లెక్కన ఉండాలి.

కనీస ధర అసలు లేకపోతే ఏమవుతుందో న్యూజిలాండ్ 1990లో చూపించింది. అక్కడ గెలిచినవాళ్లు రెండో పాటగాడి ధర కడితే చాలన్నారు, కనీస ధర పెట్టలేదు. ఒక సంస్థ లక్ష డాలర్లు పాడి ఆరు డాలర్లే కట్టింది. క్లాసులో ఇది చెబితే పిల్లలు నమ్మరు. అంటే కనీస ధర ఉండాలి. కొనేవాళ్లు ముగ్గురే ఉన్న బజారులో అది ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2022 వేలంలో ఏడు రోజులు, 40 రౌండ్లు జరిగినా నిజంగా పోటీ పడింది ఎక్కువగా తూర్పు ఉత్తరప్రదేశ్ 1800 బ్యాండు మీదే. మిగతాది దాదాపుగా కనీస ధరకే పోయింది. అంటే ధర నిర్ణయించింది పాట కాదు, ఢిల్లీలో వేసిన లెక్క. 2024 జూన్ వేలంలో ఏడు రౌండ్లలో 11,340 కోట్లతో కథ ముగిసింది.

ఇప్పుడు బిల్లు దగ్గరికి వస్తాను, ఎక్కువమంది అడిగేది అదే. "వేలంలో లక్షన్నర కోట్లు పోశారు కాబట్టే మనల్ని పిండుతున్నారు" అని మా స్టాఫ్ రూమ్‌లో కూడా అంటారు. లెక్క వేసి చూద్దాం. 2022 వేలం మొత్తం 1,50,173 కోట్లు. కంపెనీలు దీన్ని 7.2 శాతం వడ్డీతో 20 ఏటా వాయిదాల్లో కట్టొచ్చు. ఏటా పడేది 13 వేల కోట్లకి కాస్త పైన. దేశంలో మొబైల్ కనెక్షన్లు 115 కోట్లకి పైనే. పంచితే ఒక్కో కనెక్షన్‌కి నెలకి పది రూపాయల లోపే. పాత వేలాల బాకీలు దీనికి అదనం, అవీ చిన్నవేం కాదు. అయినా వేలంలో పెట్టేసిన డబ్బు పెట్టేసిందే, దాన్ని బట్టి ప్లాను ధర పెట్టలేరు. పక్క కంపెనీ ఎంతకి ఇస్తోందో దాన్ని బట్టే పెడతారు. 2016లో కొత్త కంపెనీగా జియో రాగానే రేట్లు కూలిపోయాయి, అంతకుముందు వేలాల్లో పెట్టిన ఖర్చు ఎవరికీ తగ్గలేదు కదా. ముగ్గురు ప్రైవేటు కంపెనీలు మిగిలాక 2024 జూలైలో రేట్లు పెరిగాయి.

కానీ వేలం బాకీ ఇంకో దారిన మన మీదికి వస్తుంది. బాకీలు మోయలేని కంపెనీ కొత్త టవరు పెట్టదు, పోటీలో వెనకబడుతుంది. వొడాఫోన్ ఐడియా సంగతి చూడండి. స్పెక్ట్రమ్ బాకీల మీద, ఏజీఆర్ బాకీల మీద (ఆదాయంలో ప్రభుత్వానికి కట్టాల్సిన వంతు) పడ్డ వడ్డీని వాటాలుగా మార్చడంతో 2023లో ప్రభుత్వం చేతికి 33 శాతం వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఇంకో 36,950 కోట్లు వాటాలుగా మారి అది 49 శాతానికి చేరింది. అమ్మిన ప్రభుత్వమే కొన్న కంపెనీలో అతిపెద్ద వాటాదారు అయింది. ఎక్కువ ధరకి అమ్మి గెలిచామనుకున్న వేలం నిజంగా ఎంత తెచ్చిందో ఇక్కడ తెలుస్తుంది.

నా బిల్లులో నాకు కనబడే బరువు వేరే. ప్లాను 899, దాని మీద 18 శాతం జీఎస్టీ 162, మొత్తం 1,061 రూపాయలు. కంపెనీ తన సవరించిన ఆదాయం మీద 8 శాతం లైసెన్సు ఫీజు కడుతుంది, అంటే నా 899లో డెబ్బై రూపాయల పైమాటే. ఆ 8లో 5 శాతం డిజిటల్ భారత్ నిధికి పోతుంది. గతంలో దాన్ని యూఎస్ఓ ఫండ్ అనేవాళ్లు, అది ఉన్నదే లాభం రాని ఊళ్లకి నెట్‌వర్క్ ఇవ్వడానికి. నా ఒక్కదాని నుంచే నెలకి 45 రూపాయలు వెళుతున్నాయి, సంతోషంగా ఇస్తాను. అవి సీతారామపురం కొండల కిందికి టవరు రూపంలో చేరాలి.

వేలం పెట్టేవాళ్లని నేను అడిగేది ఒక్కటే. డబ్బుతోపాటు ఊళ్లు కూడా అడగండి. ఫ్రాన్స్ 2018లో పాత బ్యాండుల లైసెన్సుల్ని వేలం లేకుండానే పొడిగించి, దానికి బదులు మారుమూలలకి 4జీ ఇవ్వాలని కంపెనీలతో ఒప్పందం రాయించుకుంది. జర్మనీ 2019 వేలంలో 98 శాతం ఇళ్లకి 100 ఎంబీపీఎస్ అందాలని గడువుతో సహా షరతు పెట్టింది. మన దగ్గరా షరతులున్నాయి గానీ, ఖజానాకి ఎన్ని వేల కోట్లు వచ్చాయన్నదే మర్నాడు పేపర్లో పతాక శీర్షిక అవుతుంది. పల్లెలకి పనికొచ్చే తక్కువ బ్యాండుల్ని కొంచెం తక్కువకే ఇచ్చి, ఏ మండలంలో ఏ ఊరికి ఏ సంవత్సరానికి సిగ్నల్ ఇస్తారో రాయించుకోవాలి. ఇవ్వకపోతే వెనక్కి తీసుకోవాలి. 2023 టెలికం చట్టం ఉపగ్రహ ఇంటర్నెట్‌కి వేలం లేకుండా కేటాయించే వీలు పెట్టింది, అది నాకు సబబే అనిపిస్తుంది. ఆకాశంలో ఒకే బ్యాండుని చాలామంది పంచుకుని వాడుకోగలరు, అలాంటప్పుడు ఒక్కరికి అమ్మాల్సిన పనేముంది?

సరే, డబ్బా సంగతి. ఆరు నెలల ప్లాను ఒకేసారి కడితే బిగింపు ఖర్చు తీసుకోరు, నేను అదే తీసుకున్నాను, మళ్లీ కూడా కట్టాను. డేటా నెలకి 1000 జీబీ దాటితే స్పీడు తగ్గించేస్తారు. మా ఇంట్లో టీవీ, నా క్లాసులు, తమ్ముడి పిల్లల చదువు కలిపినా అంత కాదు. మీరు పెట్టించుకునేటప్పుడు కుర్రాడి ఫోన్లో డీబీఎం అంకె మీరే చూడండి, మైనస్ 95 కంటే దిగువకి పోతే ఇంకో మూలకి మార్చమనండి. వైరు పొడుగైనా ఫర్వాలేదు, దాని ధర ముందే మాట్లాడుకోండి. టవరు వైపున్న తోట ఎవరిదో, ఎప్పుడు కొడతారో కనుక్కోండి. రాత్రి ఎనిమిదికి ఎవరి ఇంట్లోనైనా ఇప్పటికే ఉంటే వెళ్లి స్పీడు టెస్టు పెట్టి, అప్‌లోడ్ అంకె కూడా చూడండి. కేబుల్ ఫైబర్ సరిగ్గా పనిచేస్తున్న ఊరైతే అదే ఉంచుకోండి, అప్‌లోడ్‌లో దానికి ఇది సాటి రాదు. మా ఊరికి మాత్రం ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటీ కస్టమర్ కేర్‌కీ, చెప్పకుండా వేసిన వైరు బిల్లుకీ.